కౌలెంత, కూలెంత?

మా మాస్టారింటికి కొత్తవాళ్ళెవరు వచ్చినా మొదటి ప్రశ్న ఏ ఊరని. ఊరి పేరు చెప్పగానే రెండోది: "మీ వైపు కౌలెంత నడుస్తోంది?" దానికి జవాబొస్తే మూడోది: "కూలెంత?" అది చెప్పేలోపే నాలుగోది: "మగకూలి సరే, ఆడకూలి?" కాఫీ గ్లాసు ఆ తరవాతే చేతికొచ్చేది. శుభలేఖ ఇవ్వడానికి వచ్చినవాళ్ళనీ అడిగేవారు, గ్యాస్ బండ మోసుకొచ్చిన కుర్రాణ్ణీ అడిగేవారు. వాళ్ళు చెప్పిన అంకెలు ఒక పాత డైరీలో తేదీ వేసి రాసుకునేవారు. ఆయన దగ్గర చదువుకున్న మాకు ఇది ఎంత అలవాటైపోయిందంటే, ఇప్పటికీ ఏ ఊరు వెళ్ళినా బస్సు దిగగానే నా నోట్లో ముందు ఆడేది ఆ మాటే.

పేరు రాస్తే ఆయనకి నచ్చదు. మాస్టారనే రాస్తాను.

నేను 1978లో ఎం.ఏ. ఎకనామిక్స్‌కి విశాఖలో వాల్తేరు, ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్ళాను. గోదావరి పల్లెటూరి నుంచి వచ్చినవాణ్ణి, తెలుగు మీడియంలో డిగ్రీ చేసినవాణ్ణి. యూనివర్సిటీలో పెద్ద పెద్ద మాటలు వినబడుతుంటే రెండు నెలలు గుండెల్లో రాయి పెట్టుకుని కూర్చున్నాను. మాస్టారి మొదటి క్లాసు ఆర్థికవేత్త రికార్డో చెప్పిన కౌలు సిద్ధాంతం. పుస్తకంలో అది ఇంగ్లండు గోధుమ చేల గురించి. ఆయన బోర్డు మీద ఒక పొడుగాటి గీత గీసి "ఇది కాలవ" అన్నారు. ఒక చివర చిన్న గళ్ళు గీసి "ఇది తల. తూము తియ్యగానే నీళ్ళొస్తాయి". ఇంకో చివర గళ్ళు గీసి "ఇది శివారు. పైవాళ్ళంతా పెట్టుకున్నాక మిగిలితే వస్తాయి". అప్పుడు మా వైపు తిరిగి "రెండు చోట్లా ఎకరానికి ఒకటే చాకిరీ. కౌలు ఎందుకు వేరు?" అన్నారు. వెనక బెంచీలో ఉన్న నేను లేచి చెప్పాను. మా నాన్న పొలం శివారులోనే ఉండేది. యూనివర్సిటీలో నేను నోరు విప్పడం అదే మొదలు. సిద్ధాంతమంటే మనింటికి సంబంధం లేని వస్తువు కాదని నాకు ఆ పూట తెలిసింది.

ఆ డిపార్ట్‌మెంటుకి అప్పటికే పల్లెటూరి అధ్యయనాల్లో పెద్ద పేరుంది. జి. పార్థసారథి గారి లాంటి వాళ్ళు వ్యవసాయ ఆర్థిక శాస్త్రానికి అంకితమై పనిచేసిన చోటు. మాస్టారు ఆ వాతావరణంలోనే విద్యార్థిగా, లెక్చరరుగా, రీడరుగా, ప్రొఫెసరుగా ఎదిగారు. 1968లో ఒక ఏడాది ఫెలోషిప్ మీద ఇంగ్లండు వెళ్ళి, అక్కడ ఉండమన్నా ఉండక తిరిగి వచ్చేశారు. ఎందుకొచ్చారని ఒకసారి అడిగితే "నా చేలు ఇక్కడున్నాయి కదయ్యా" అన్నారు. సొంత పొలాల గురించి అన్నారేమో అనుకున్నాను. ఆయన పేర సెంటు భూమి లేదని తరవాత తెలిసింది.

ఆయన పరిశోధన జీవితమంతా ఒక సర్వేలో మొదలైంది. పశ్చిమ గోదావరిలో 1957–58 నుంచి మూడేళ్ళపాటు ఫార్మ్ మేనేజ్‌మెంట్ అధ్యయనం జరిగింది. దేశంలో కొన్ని ఎంపిక చేసిన ప్రాంతాల్లో రైతు కమతం లెక్క ఏడాది పొడుగునా రాసే పని అది. అంతకుముందు సర్వేల్లాగా ఒకసారి వెళ్ళి అడిగి వచ్చేసేది కాదు. ఊళ్ళోనే మకాం పెట్టి, ఈ రోజు ఏ చేలో ఎంతమంది ఎన్ని గంటలు పనిచేశారో, ఏ ఎద్దు ఎంత మేసిందో రాసుకోవాలి. పాతికేళ్ళ వయసులో ఆయన అందులో ఇన్వెస్టిగేటరు. సైకిలు, కిరసనాయిలు దీపం, బస్తాడు షెడ్యూళ్ళు, అంటే ప్రశ్నల కాగితాలు. ఆ మూడేళ్ళు తనకి రెండో ఎం.ఏ. అనేవారు.

ఖర్చుని ఏ, బీ, సీ అని విడగొట్టడం ఆ అధ్యయనాలతోనే స్థిరపడింది. రైతు చేతి నుంచి డబ్బుగానో ధాన్యంగానో నిజంగా బయటికి వెళ్ళినది ఏ1. కౌలు కట్టి చేస్తుంటే ఆ కౌలు కలిపితే ఏ2. సొంత భూమికి కౌలు వస్తే ఎంత వచ్చేది, సొంత పెట్టుబడికి వడ్డీ ఎంత వచ్చేదని వేసుకుంటే బీ. ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీకి కూలి కట్టి కలిపితే సీ. ఈ ఆఖరి అడుగు దగ్గరే లెక్క తలకిందులవుతుంది. ఏ1 ప్రకారం నాలుగు రాళ్ళు మిగిలిన రైతు సీ దగ్గరికి వచ్చేసరికి నష్టంలో ఉంటాడు. ఇంటి మనుషులకి బజారు కూలి కడితే మన దేశంలో చాలా వ్యవసాయం నష్టమే చూపిస్తుందనీ, అయినా చిన్న కమతంలో ఎకరానికి దిగుబడి ఎక్కువగా కనిపిస్తోందనీ 1962లో అమర్త్య సేన్ 'ఎకనమిక్ వీక్లీ'లో రాశారు. ఆ చర్చ ఏళ్ళ తరబడి నడిచింది. హైదరాబాదు నుంచి వెళ్ళిన ఎ.ఎం. ఖుస్రో, కరీంనగర్ జిల్లా నుంచి వెళ్ళిన సి.హెచ్. హనుమంతరావు గారు అందులో ముఖ్యులు. మాస్టారి పీహెచ్‌డీ ఆ ప్రశ్న మీదే. చిన్న రైతు పొలంలో పంట ఎందుకెక్కువ? నేల మంచిదా, నీరు దగ్గరా, లేక ఇంటి చాకిరీ లెక్కలేకుండా దిగబోస్తున్నాడా? తను దీపం కింద కూర్చుని రాసిన కాగితాల మీద దేశంలోని పెద్ద తలకాయలు వాదించుకుంటుంటే ఆయనకి ఎంత పులకరింతగా ఉండేదో ఆ రోజుల గురించి చెప్పేటప్పుడు ముఖంలో కనిపించేది.

నేను ఎం.ఏ. అయ్యాక 1981లో ఆయన ప్రాజెక్టులో చేరాను. జిల్లాలో కౌలు పరిస్థితి మీద సర్వే. 1960–61లో దేశం మొత్తం మీద ఏడు జిల్లాలతో మొదలైన ప్యాకేజీ ప్రోగ్రాంలో పశ్చిమ గోదావరి ఒకటి. ఆ తరవాత ఐ.ఆర్.8 వరి వచ్చింది, ఎరువులొచ్చాయి, సార్వా తరవాత వేసే రెండో పంట దాళ్వా స్థిరపడింది. ఇంత పెరిగాక అందులో కౌలుదారుకి మిగిలిందెంత అన్నది ప్రశ్న. నాకు అత్తిలి దగ్గర ఒక ఊరు ఇచ్చారు. అక్కడ నేను చేసిన తప్పు ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

పండగకి ఇంటికెళ్ళాలి. ఒక్క షెడ్యూలు మిగిలిపోయింది. ఆ రైతు రెండు రోజులుగా దొరకలేదు. పక్కింటి రైతు లెక్క ముందు పెట్టుకుని, అటూ ఇటూ మార్చి, గదిలో కూర్చుని నింపేశాను. ఎవరికీ అనుమానం రాకూడదని జాగ్రత్తపడ్డాను కూడా. పది, పదిహేను, ఇరవై లాంటి గుండు అంకెలు వెయ్యకుండా పదమూడు రోజులు, పదిహేడు రోజులు, పంతొమ్మిది రోజులు అని రాశాను.

వాల్తేరులో మాస్టారు ఆ కట్టంతా ఒక్కొక్క కాగితమే తిప్పి చూశారు. దాని దగ్గర ఆగారు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టారు.

"ఈ రైతు ఇంట్లో కూర్చున్నావా?"

నేను మాట్లాడలేదు.

"కిందటి సార్వాలో ఎన్ని రోజులు పనిచేశావయ్యా అంటే మనిషి ఒక పది, ఓ పదిహేను అంటాడు. పదిహేడని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? జనాభా లెక్కల్లో వయసులు చూడు. ముప్పై దగ్గర, ముప్పై అయిదు దగ్గర, నలభై దగ్గర జనం గుంపుగా నిలబడతారు. ముప్పై ఒకటి దగ్గర పల్చగా ఉంటారు. మనిషి జ్ఞాపకం అలా ఉంటుంది. నీ మిగతా షెడ్యూళ్ళన్నిట్లో అలాగే ఉంది. దీంట్లో లేదు. ఇది గుర్తు చేసుకుని చెప్పిన లెక్క కాదు, ఆలోచించి రాసిన లెక్క."

తిడతారనుకున్నాను. ప్రాజెక్టులోంచి తీసేస్తారనుకున్నాను. ఆయన ప్యూనుని పిలిచి మర్నాటికి రెండు టిక్కెట్లు తెమ్మన్నారు. అప్పటికింకా స్టేషను బోర్డు మీద వాల్తేరు అనే ఉండేది. అక్కడ ఎక్కి, నిడదవోలులో దిగి, నరసాపురం వైపు బండి మారాం. తణుకు దాటేదాకా ఆయన ఆ విషయం ఎత్తలేదు. కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నారు. ఎప్పుడో హఠాత్తుగా వాళ్ళ నాన్నగారి గురించి చెప్పడం మొదలుపెట్టారు.

వాళ్ళది కౌలుకి ఇచ్చే ఇల్లు. 1956లో కౌలుదారీ చట్టం వచ్చింది. కౌలుదారుకి హక్కు వస్తుందేమోనన్న భయంతో పెద్ద రైతులు నోటు రాసుకోవడం మానేశారు. ఒకే మనిషిని ఒకే చేలో ఉంచకుండా ఏడాదికో రెండేళ్ళకో మార్చేవారు. చట్టం రక్షిస్తానని వచ్చిన మనిషే కాగితంలోంచి మాయమైపోయాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ ఆ చేను చేసిన ఒకాయన్ని అలాగే మార్చారట. ఆ మనిషి పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడి, ఏమీ అడక్కుండా, ఎండెక్కేదాకా ఉండి వెళ్ళిపోయాడట. "నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆయన వెళ్ళిపోతే బాగుండునని అనుకున్నాను" అన్నారు మాస్టారు. అంతే, మళ్ళీ కిటికీ వైపు తిరిగారు. నేను ఏ రైతుని అడక్కుండా షెడ్యూలు నింపేశానో, ఆ రైతులో ఆయనకి కనిపించేది ఎవరో నాకు అప్పుడర్థమైంది. అత్తిలి వచ్చేదాకా తల ఎత్తలేకపోయాను.

రైతు ఇంట్లోనే ఉన్నాడు. చూరు కింద మంచం వాల్చి కూర్చోమన్నాడు. నేను షెడ్యూలు తీసి "సొంతం ఎంత, కౌలు ఎంత" అని అడగబోతే మాస్టారు చెయ్యి అడ్డుపెట్టారు. గేదె ఈనిందా అని అడిగారు. దాళ్వా నీళ్ళు ఎప్పుడిచ్చారని అడిగారు. ఎలకలు పడ్డాయా అన్నారు. అరగంట గడిచింది. కౌలేమీ లేదనీ, అవతల మూడెకరాలు మావయ్య వరసైన వాళ్ళవైతే ఊరికే చూస్తున్నాననీ ఆ రైతు మాటల్లో తనే అన్నాడు. మాస్టారు ఆ మాట పట్టుకోలేదు. ఇంకాసేపయ్యాక, నూర్పుల కబుర్ల మధ్యలో, "ఆ మూడెకరాల ధాన్యం ఎవరింటికి తోలావు?" అన్నారు.

"పెద్దకాపు గారింటికండి. ఎకరానికి పది బస్తాలండి. పండినా పండకపోయినా ఇచ్చేయాలండి."

మాస్టారు నా వైపు చూసి కళ్ళతోనే రాసుకోమన్నారు. కౌలు ఉందా అని అడిగితే లేదనే మనిషి, ధాన్యం ఎక్కడికి వెళ్ళిందంటే నిజం చెబుతాడు. లేదనడం రహస్యం దాచాలని కాదు, భయం కొద్దీ. ఆ ఒక్క ప్రశ్నతో మా సర్వే మొత్తం మార్చి మళ్ళీ వేశాం. అంతకుముందు సొంత సేద్యమని రాసిన ఇళ్ళలో చాలావాటి దగ్గరికి మళ్ళీ వెళ్ళాల్సి వచ్చింది.

ఇంకో ప్రశ్న మిగిలింది. "మీ ఆవిడ పొలం పనికొస్తుందా?" అని అడిగాను.

"లేదండి. ఇంటికాడే ఉంటాది."

ఆ ఇల్లాలు అప్పుడు మా ముందే, చాట పట్టుకుని విత్తనాలు చెరుగుతోంది. మాస్టారు మంచం మీద నుంచి కొంచెం ముందుకి వంగి "అమ్మా, పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఏమేం చేశారో చెప్పండి" అన్నారు. ఆవిడ భర్త వైపు చూసింది. తరవాత చాట కింద పెట్టి చెప్పడం మొదలుపెట్టింది. కోడికూతకి లేచింది. పేడ తీసింది. గేదెకి కుడితి పెట్టి, పాలు పితికి పోసి వచ్చింది. కలుపు తీసే కూలోళ్ళకి కూడు వండి తట్టలో పెట్టుకుని పొలానికి మోసుకెళ్ళింది. వాళ్ళు తినేలోపు తనూ రెండు మళ్ళు కలుపు తీసింది. వచ్చేటప్పుడు గట్టు మీద గడ్డి కోసి మోపు కట్టుకొచ్చింది. ధాన్యం ఎండబోసి, కోళ్ళు రాకుండా కాపలా కాసి, ఎత్తింది. ఇప్పుడు విత్తనాలు.

మా షెడ్యూల్లో వీటికి గడి లేదు. మాస్టారు నా చేతిలో పెన్సిలు తీసుకుని, అంచున నిలువునా ఒక గీత గీసి, కొత్త గడి చేసి, ఒక్కొక్కటే రాశారు. చేతి వణుకు లేకుండా, తిన్నగా, స్కేలు పెట్టినట్టు గీసిన ఆ గీత ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

ఆవిడ నవ్వి "ఇదీ పనేనేంటండీ?" అంది.

"మీరు చెయ్యకపోతే దీనికి మనిషిని పెట్టుకోవాలా, అక్కర్లేదా?"

ఆవిడ ఆలోచించింది. "పెట్టుకోవాలండి."

"అయితే పనేనమ్మా."

ఆ గీటురాయి మాస్టారిది కాదు. 1934లో అమెరికాలో మార్గరెట్ రీడ్ అనే ఆవిడ ఇంటి చాకిరీ మీద రాస్తూ చెప్పింది అదే: డబ్బిచ్చి వేరే మనిషి చేత చేయించుకోగలిగినదైతే అది ఉత్పత్తే. ఆ సంగతి నాకు తిరుగు ప్రయాణంలో చెప్పారు. కానీ అత్తిలి దగ్గర ఒక చూరు కింద, చాట పట్టుకున్న మనిషికి అర్థమయ్యేలా దాన్ని అడగడం మాత్రం ఆయనదే.

లెక్కలు వెయ్యడం ఇంకో యజ్ఞం. డిపార్ట్‌మెంటులో ఫేసిట్ యంత్రాలుండేవి. అంకెలు మీటలతో వేసి, పక్కనున్న పిడి తిప్పితే కూడికలూ గుణకారాలూ చేసేవి. భాగాహారంలో ఎక్కువ తిప్పితే గంట మోగేది. ఒక గదిలో నలుగురం కూర్చుని పొద్దుటి నుంచి సాయంత్రందాకా తిప్పుతూ ఉంటే ఆ గరగరా, ఆ గంటలూ కలిసి కళ్ళంలో ఉన్నట్టుండేది. ఒక రిగ్రెషన్, అంటే దేన్నిబట్టి ఏది ఎంత మారుతోందో చూపే లెక్క, తేలడానికి రోజులు పట్టేది. ఇప్పుడు నా విద్యార్థులు ల్యాప్‌టాప్‌లో రెప్పపాటులో తేల్చేస్తున్నారు. సంతోషమే. కానీ చేత్తో తిప్పినప్పుడు ప్రతి రైతూ ఒకసారి వేళ్ళ కిందనుంచి వెళ్ళేవాడు. ఎక్కడైనా అంకె తేడాగా ఉంటే చెయ్యే ఆగేది.

ఆ ఏడాది తరవాత మాస్టారి చూపు మెల్లమెల్లగా కమతం మీద నుంచి ఇంటి మీదికి మళ్ళింది. 1981 జనాభా లెక్కల్లో ఏడాదిలో ఎక్కువ భాగం పనిచేసినవాళ్ళు ప్రధాన శ్రామికులు, తక్కువ పనిచేసినవాళ్ళు ఉపాంత శ్రామికులు అని విడదీయడం మొదలైంది. ఎన్యూమరేటరు వచ్చి "ఆవిడ పనిచేస్తుందా" అని మగవాణ్ణి అడిగితే ఏ జవాబొస్తుందో మాకు చూరు కింద తెలిసిపోయింది కదా. ప్రశ్న ఎవరిని అడుగుతాం, ఏ మాటతో అడుగుతాం అన్నదాన్నిబట్టి ఒక ఊళ్ళో పనిచేసే ఆడవాళ్ళ సంఖ్య ఎంత మారిపోతుందో చూపించడానికే ఆయన మిగిలిన సర్వీసంతా వెచ్చించారు. పేరు తెచ్చిపెట్టే అంశం కాదది. కమతం సైజు మీద రాస్తూ ఉంటే సెమినార్లకి పిలుపులు ఎక్కువొచ్చేవి. పదోన్నతి ఒకటి ఆలస్యమైంది కూడా. దాని గురించి ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ ఎక్కువ రాయను.

రిటైరయ్యాక కూడా ఆయన ఆ పని వదల్లేదు. 1998–99లో ఆరు రాష్ట్రాల్లో ప్రయోగాత్మకంగా టైమ్ యూజ్ సర్వే, అంటే ఇంట్లో ఎవరు ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో అడిగే సర్వే, జరిగింది. అందులో మన రాష్ట్రం లేదని చిన్నపిల్లాడిలా బాధపడ్డారు. జయతీ ఘోష్ అధ్యక్షతన 2004లో రైతు సంక్షేమ కమిషన్ వేసినప్పుడు పాత కాగితాలన్నీ దులిపి చదువుకున్నారు. 2011లో సాగుదారులకి రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చినప్పుడు నాకు ఫోన్ చేసి గంట మాట్లాడారు. అదే ఏడాది కోనసీమలో రైతులు క్రాప్ హాలిడే, పంట వెయ్యం అన్నప్పుడు మళ్ళీ ఫోన్. "సార్వా మానేస్తే భూయజమాని తింటాడయ్యా, కౌలుదారు ఏం తింటాడో ఎవరైనా రాస్తున్నారా?" 2018లో మద్దతు ధర ఖర్చుకి ఒకటిన్నర రెట్లు అన్నప్పుడు, ఖర్చంటే ఏదన్న గొడవ పేపర్ల నిండా వచ్చింది. ప్రభుత్వం ఏ2కి ఎఫ్ఎల్ కలిపి అంటుంది, రైతు సంఘాలు సొంత భూమి కౌలూ, వడ్డీ కూడా కలిపిన సీ2 అంటాయి. అరవై ఏళ్ళ కిందట తను దీపం కింద రాసిన అక్షరాలు టీవీ తెర మీద పరుగెడుతుంటే ఆయన ఆ రెండు ఇంగ్లీషు అక్షరాల దగ్గరే ఆగిపోయారు. ఎఫ్ఎల్ అంటే ఇంటి చాకిరీ. "ఆ రెండక్షరాల్లో మన అత్తిలి అమ్మ ఎన్ని గంటలుందో చూశారంటావా?" అన్నారు.

2019లో దేశమంతటా టైమ్ యూజ్ సర్వే జరిగింది. ఫలితాలు మరుసటి ఏడాది వచ్చాయి. జీతం లేని ఇంటి పనిలో ఉన్న ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దాని మీదే గడుపుతున్నారు. ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలు. నేను ప్రింటు తీసి 2021 సంక్రాంతికి విశాఖ పట్టుకెళ్ళాను. మాస్టారికి ఎనభై ఎనిమిదేళ్ళు దాటాయి. చూపు బాగా తగ్గింది. నేను చదువుతుంటే కళ్ళు మూసుకుని విన్నారు. "మొత్తానికి అడిగారు" అన్నారు. చాలాసేపు ఇంకేమీ అనలేదు. వేళ్ళతో దుప్పటి అంచు మీద ఏదో గీత గీస్తున్నట్టు కదిలించారు.

తరవాత మామూలే.

"ఊరెళ్ళి వచ్చావా?"

"వచ్చాను మాస్టారూ."

"కౌలెంత?"

చెప్పాను. 2019 చట్టం కింద సాగుదారు కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలనీ, ఊళ్ళో చాలామంది పెట్టడం లేదనీ కూడా చెప్పాను. తల ఊపారు.

"కూలెంత?"

చెప్పాను.

"ఆడకూలి?"

నాకు తెలియదు. నలభై ఏళ్ళ శిష్యరికం తరవాత, ఆ ప్రశ్న వస్తుందని తెలిసీ, కనుక్కోకుండా వెళ్ళాను. వరండాలోకి వచ్చి అత్తిలి ఫోన్ చేశాను. ఆ చాట పట్టుకున్నావిడ ఇప్పుడు లేదు. ఆవిడ కోడలు ఫోనెత్తింది. పండగ హడావిడిలో ఉంది, వెనకాల పిల్లల గోల. అంకె చెప్పి పెట్టేసింది. లోపలికి వెళ్ళి మాస్టారికి చెప్పాను.

ఆయన కళ్ళు తెరిచారు. డైరీ ఇమ్మన్నట్టు చెయ్యి చాపారు.

"ఊడ్పుకా, కలుపుకా?"

నేను మళ్ళీ వరండాలోకి వెళ్ళాను.